కష్టమైన లెక్క, నలుగురి సాయం



లెక్కల మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం కనక లెక్కల తరగతి సంగతే చెబుతాను. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువ గణితజ్ఞుడికి ఒక సందేహం వచ్చింది. హైస్కూల్లో మంచి మార్కులు తెచ్చుకున్న నల్లజాతి పిల్లలు ఇక్కడికొచ్చి మొదటి ఏడాది కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? తోటి అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదన్నారు, పునాది లేదన్నారు, ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరన్నారు, డబ్బు లేదన్నారు. మన స్టాఫ్‌రూముల్లోనూ రోజూ వినబడే మాటలే ఇవి.

ట్రైస్‌మన్ వాటితో సరిపెట్టుకోలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులు, 20 మంది చైనా మూలాలున్న విద్యార్థులు ఎలా చదువుతున్నారో వాళ్ల వెంటే ఉండి చూశాడు. నల్లజాతి పిల్లలు పంతులు చెప్పినన్ని గంటలూ చదువుతున్నారు, కానీ ఎవరికి వారే. చైనా పిల్లలు ఎవరి లెక్కలు వాళ్లు చేసుకున్నాక సాయంత్రం ఒకచోట చేరి జవాబులు సరిచూసుకుంటున్నారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటున్నారు, పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తున్నారు. ఏదైనా లెక్క గుంపులో ఎవరికీ రాకపోతే అది కష్టమైన లెక్క అని వాళ్లకు అర్థమైపోతుంది. ఒంటరిగా కూర్చున్నవాడు మాత్రం తనకొక్కడికే రాలేదనుకుంటాడు.

అతను రెమెడియల్ క్లాసులు పెట్టలేదు. ఊళ్లో ఫస్టు వచ్చిన కుర్రాణ్ణి వెనకబడినవాళ్ల క్లాసుకు రమ్మంటే వస్తాడా? ఆనర్స్ స్థాయి వర్క్‌షాపు అని పేరుపెట్టి, క్లాసులో కన్నా కష్టమైన లెక్కలిచ్చి, అందరినీ కలిపి కూర్చోబెట్టాడు. ఫలితాలు మారాయి.

ఇదే ఆలోచనను ఒక సంస్థ స్థాయికి తీసుకెళ్లినవాడు ఫ్రీమన్ హ్రబౌస్కీ. 1963లో బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కుల ఊరేగింపులో నడిచి, 12 ఏళ్ల వయసులో అయిదు రోజులు నిర్బంధంలో గడిపిన మనిషి. బాల్టిమోర్ పక్కనున్న మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాఖలో ఆయన పనిచేస్తుండగా రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే దాత ముందుకొచ్చాడు. టీవీలో నల్లజాతి కుర్రాళ్ల గురించి నేరాలు, బాస్కెట్‌బాల్ తప్ప మరో మాట రావడం లేదని ఆయన బాధ. 1989లో 19 మంది నల్లజాతి అబ్బాయిలతో మేయర్‌హాఫ్ స్కాలర్స్ పథకం మొదలైంది. మరుసటి ఏడాది అమ్మాయిలను చేర్చుకున్నారు. 1996 నుంచి అన్ని జాతులవారికీ తలుపులు తెరిచారు. జాతి ప్రాతిపదికన ఇచ్చే స్కాలర్‌షిప్పు చెల్లదని అంతకుముందే ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

అక్కడి పద్ధతి చూడండి. కాలేజీ తెరవకముందే వేసవిలో వారాల తరబడి పాఠాలు. మొదటి ఏడాది అందరూ ఒకే హాస్టలు. బృందంగా చదవడం తప్పనిసరి. పునాది సబ్జెక్టులో సి గ్రేడు వస్తే, పాసయ్యావుగా అని వదిలేయరు, మళ్లీ చదవమంటారు. సెలవుల్లో పరిశోధనశాలకు పంపుతారు. అమెరికా సర్జన్ జనరల్‌గా చేసిన జెరోమ్ ఆడమ్స్ ఈ పథకంలో చదువుకున్నవాడే.

దీన్ని సర్వరోగ నివారిణి అనను. ఏరికోరి తీసుకున్న పిల్లలతో నడిచే పథకం ఇది; సాధారణ మార్కులవాడి గతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. ఇప్పటికీ అమెరికాలో డిగ్రీలో చేరిన నల్లజాతి అబ్బాయిల్లో సగం మందైనా ఆరేళ్లలో పూర్తిచేయడం లేదు. అదే జాతి అమ్మాయిలు వాళ్లకన్నా మెరుగు. కొన్నిచోట్ల అడ్డంకి అసలు చదువే కాదు, చిన్న బాకీ. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2011 నుంచి, కొద్దిపాటి ఫీజు కట్టలేక పేరు కొట్టివేయించుకునే పిల్లల ఖాతాలో ఆ కాస్తా తనే వేస్తోంది. వాళ్లు దరఖాస్తు పెట్టుకునేదాకా ఆగదు కూడా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చివరి సంగతే.

2023లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. సీటు దొరికినవాణ్ణి నిలబెట్టుకోవద్దని మాత్రం ఏ కోర్టూ అనలేదు.

నిర్వాహకులకు ఒక విన్నపం. మాస్టారి నిధి వడ్డీతో ఏటా ఫస్టు వచ్చినవారికి పతకం ఇస్తున్నారు. ఈ ఏడాది నుంచి అందులో సగం తీసి, మొదటి సంవత్సరం పిల్లల కోసం సాయంత్రాలు ఒక గది తెరిపించండి. ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి టీ ఖర్చు భరించండి. మొదటి ఏడాది లెక్కల పేపరు ఎమ్-1 తప్పినవాళ్లనే కాదు, అందరినీ పిలవండి.