మూడు ఊళ్ల పేర్లు, ఒక విమ్ మోడ్

ఒక కోడ్ ఎడిటర్ కోసం నేను విమ్ మోడ్ రాస్తున్నాను. టెస్టులన్నీ పాసయ్యాక కూడా అందులో దాక్కున్న తప్పుల్ని తెనాలి, బాపట్ల, రేపల్లె పేర్లు ఎలా పట్టించాయో ఈరోజు చెప్తాను.

విమ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విమ్‌లో నార్మల్ మోడ్‌లో ఉన్నంతసేపూ కీలన్నీ ఆజ్ఞలే. ఎక్స్ నొక్కితే కర్సర్ కింది అక్షరం పోతుంది. సీ, డబ్ల్యూ వరసగా నొక్కితే మాట పోయి ఇన్సర్ట్ మోడ్ వస్తుంది. కొత్త మాట టైప్ చేసి ఎస్కేప్ కొట్టాలి. ఆ తర్వాత ఇంకో మాట మీదకెళ్లి చుక్క కీ కొడితే అదే మార్పు అక్కడా జరుగుతుంది. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ నుంచి వచ్చిన పద్ధతి ఇది. 1991లో బ్రామ్ మూలెనార్ విమ్ విడుదల చేశాడు. వేళ్లకు పట్టిన ఈ అలవాటుని వేరే ఎడిటర్‌లోకి తేవడమే ఎమ్యులేషన్.

టెస్టు రాయడం తేలికే. మొదట ఉన్న వాక్యం, కర్సర్ చోటు, నొక్కే కీలు, చివరికి మిగలాల్సిన వాక్యం. అవే కీలు అసలు విమ్‌కి కూడా ఇచ్చి రెండూ పోల్చాలి. నావన్నీ పాసయ్యాయి. కాకపోతే అన్నీ ఇంగ్లీషు వాక్యాలే.

తర్వాత ఒక చిరునామాల ఫైలు తెరిచాను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది కదా. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి ఫైలంతా ఒకేసారి మార్చేస్తే కుదరదు, వరస చూసుకుంటూ వెళ్లాలి. చుక్క కీకి సరిపోయిన పని. రేపల్లె వరసలో ‘గుంటూరు’ మీద సీ, డబ్ల్యూ కొట్టి ‘బాపట్ల’ అని టైప్ చేశాను. వచ్చింది ‘బాపట్లుంటూరు’!

నవ్వొచ్చింది గానీ తప్పు నాదే. మాట ఎక్కడ ముగుస్తుందో చూసే కోడ్‌లో, యూనికోడ్ ‘అక్షరం’ అని వర్గీకరించినవే మాటలో భాగం అని రాశాను. మన గుణింతపు గుర్తులు, సున్నా ఆ వర్గంలో ఉండవు, ‘గుర్తులు’ అనే వర్గంలో ఉంటాయి. అందుకని ‘గ’ దగ్గరే మాట అయిపోయిందనుకుంది. మిగిలిన ‘ుంటూరు’ వచ్చి ‘ట్ల’కి అతుక్కుంది. గుర్తుల్ని కూడా చేర్చాను, సరిపోయింది.

ఎక్స్ కీతో వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. మూడు ఊళ్లూ కంటికి మూడేసి అక్షరాలే. యూనికోడ్ లెక్కలో మాత్రం తెనాలి ఆరు, బాపట్ల ఆరు, రేపల్లె ఏడు. బాపట్లలో ‘ట’ మీద ఎక్స్ కొడితే నా కోడ్ ‘ట’ ఒక్కదాన్నే తీసేసింది. పొల్లు వెళ్లి ‘ప’కి తగులుకుని ‘బాప్ల’ అయింది. నా దగ్గరున్న విమ్ ‘ట్’ మొత్తం తీసి ‘బాపల’ అని మిగులుస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమం ప్రకారమైతే ‘ట్ల’ అంతా ఒకే అక్షరం, కాబట్టి ‘బాప’ మిగలాలి.

ఏది సరైనది? తెలుగు చదివేవాళ్లెవరైనా మూడోదే అంటారు. కానీ నేను రాసేది ఎమ్యులేషన్. విమ్ అలవాటైన చేయి విమ్ చేసేదే ఆశిస్తుంది. అందుకే మామూలుగా విమ్ దారే ఉంచి, అక్షరం మొత్తం పోవాలనుకునేవాళ్లకి సెట్టింగ్ ఇచ్చాను. ‘బాప్ల’ మాత్రం ఎప్పటికీ రాకూడదని టెస్టు రాశాను. ‘బాపట్లుంటూరు’ ఎవరి కంటికైనా పడుతుంది. ‘బాప్ల’ నిజమైన మాటలాగే కనబడి ఫైల్లో ఉండిపోతుంది.

ఇంకొకటి. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు ఎస్కేప్ కొట్టినా కీబోర్డు తెలుగులోనే ఉంటుంది. కిందికి దిగుదామని జే నొక్కితే ‘ర’ వస్తుంది. అలా లాటిన్ కాని అక్షరం వచ్చినప్పుడు మాత్రం కీ ఉన్న చోటుని బట్టి ఆజ్ఞ తీసుకుంటున్నాను. ఎప్పుడూ చోటునే చూస్తే డ్వొరాక్ వాడేవాళ్లకి తప్పు ఆజ్ఞలు వెళ్తాయి.

మీరూ ఎడిటర్‌కి ఏదైనా రాస్తుంటే, టెస్టుల్లో మీ ఊరి పేరు తెలుగులో పెట్టి చూడండి. ఒత్తున్న పేరైతే మరీ మంచిది. ఉంటాను మరి, నమస్తే.