రిజిస్టరులో పుట్టిన దొంగలు

(వెన్నెలకంటి రాఘవయ్య స్మృతిలో చేసిన ఉపన్యాసం)

నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్యను తలుచుకునేటప్పుడు ఎవరైనా యానాదుల దగ్గర మొదలుపెడతారు. ఆయన బతుకంతా వాళ్ళతోనే గడిచింది కాబట్టి అది సహజం. ఈ ఉపన్యాసం మాత్రం ఒక నవల దగ్గర మొదలై, కావలి మీదుగా తిరిగి ఆయన దగ్గరికి వస్తుంది.

1922లో రాయవేలూరు జైలులో ఒక గుంటూరు బారిస్టరు ఉన్నారు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో శిక్ష పడి అక్కడికి చేరిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలు గదిలో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. కథ మంగళాపురంలో నడుస్తుంది. రామదాసు మాలవాడు, భక్తుడు, ఒకరి జోలికి పోని మనిషి. అతని కొడుకు సంగదాసు కూలీల తరఫున నిలబడతాడు. ధాన్యం ధర పెరిగిందని రైతులు కూలి గింజలు మానేసి డబ్బు ఇస్తామంటే ఒప్పుకోడు. ఆ కోపంతో ఆసామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం విడుస్తాడు. పెద్దకొడుకు వెంకటదాసు ఊరు విడిచి తక్కెళ్ళ జగ్గడుగా మారి ఉన్నవాడిని దోచి లేనివాడికి పెడతాడు. రామదాసుకు ఉన్న కాస్త భూమీ పోతుంది. అంతటితో ఆగదు. చీమకు కూడా హాని తలపెట్టని ఆ కుటుంబం, నేరస్థులని ముద్ర వేసినవాళ్ళను సర్కారు కట్టడిలో ఉంచే దొంగల సెటిల్మెంటు పాలవుతుంది.

విమర్శకులు ‘మాలపల్లి’ గురించి ఎంతో రాశారు. అస్పృశ్యత, కూలీల సమ్మె, గాంధీ మార్గం, జగ్గడి తిరుగుబాటు, వాడుక భాష, వీటన్నిటి మీదా వ్యాసాలున్నాయి. సెటిల్మెంటు భాగాన్ని మాత్రం కథలో ఇంకో కష్టంగా తీసేసి ముందుకు వెళ్ళినవాళ్ళే ఎక్కువ. నవలకు అసలు పదును అక్కడే ఉందనిపిస్తుంది. మద్రాసు ప్రభుత్వం ఈ పుస్తకాన్ని రెండుసార్లు నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ పీడ వదల్లేదు. పుస్తకంలో సర్కారుకు ఏ పేజీ ఎక్కువ మండిందో మనకనవసరం. సర్కారు నడిపే ఒక సంస్థను లోపలి నుంచి చూపించిన తొలి తెలుగు నవలల్లో ఇది ఒకటి అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఉన్నవ ఆ సెటిల్మెంటును గాలిలోంచి తేలేదు. ఆయన గుంటూరు జిల్లాలోనే బాపట్ల, చీరాల మధ్య 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు ఎరుకలవాళ్ళ కోసం ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి తగిలించారు. అదే స్టువర్టుపురం. ఇంచుమించు ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మరో సెటిల్మెంటు నడిపింది. దాన్ని చాలాకాలం చూసుకున్నది శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దొర. కావలికి దక్షిణాన బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప కూడా ఆ కోవలోని ఊరే.

వీటన్నిటికీ తల్లివేరు నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలైంది. ఆనాటి లా మెంబరు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి కాబట్టి నేరమూ అలాగే వస్తుందని వాదించాడు. నేత నేసేవాడికి నేసేవాడు, దొంగకు దొంగ పుడతాడన్నమాట. వాదన వినడానికి ఎంత తేలిక! 1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు, 1924లో మళ్ళీ దిట్టం చేశారు. చట్టంలో ఉన్న మాట ‘జాతి’ ఒక్కటే కాదు. ఏ జాతినైనా, ముఠానైనా, ఏ తరగతి మనుషులనైనా సర్కారు నేరస్థులుగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన సరైనదా కాదా అని విచారించే అధికారం ఏ కోర్టుకూ లేదు. రామదాసు లాంటి మాలవాడిని అందులోకి నెట్టడం నవలాకారుడి అతిశయోక్తి అని ఎవరైనా అంటే వాళ్ళు ఈ వాక్యం ఒక్కసారి చదవాలి. వల ఎవరికైనా సరిపోయేలా నేసిందే.

పేరు రిజిస్టరులో ఎక్కాక ఏం జరిగేది? ముందు వేలిముద్రలు. ఆ తర్వాత హాజరు. కొందరు రోజూ పోలీసు ఠాణాకో గ్రామాధికారి దగ్గరికో వెళ్ళి కనిపించాలి. కొన్నిచోట్ల రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి హాజరు వేసేవాళ్ళు. పక్క ఊళ్ళో పెళ్ళికి పోవాలన్నా పాసు కావాలి. పాసు మీద ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఏ దారిన అన్నది రాసి ఉంటుంది. చేరిన ఊళ్ళో ఆ చీటీ మళ్ళీ చూపించాలి. ఎద్దు తప్పిపోయి వెతుకుతూ పొలిమేర దాటినా అది నేరమే. చట్టంలో పేర్కొన్న నేరాల్లో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళు, మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరం. అదే నేరానికి పక్కింటి కాపుకో కోమటికో పడేది మామూలు శిక్ష. అన్నిటికంటే ఘోరం, ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బళ్ళకు పంపే వీలు. ఆ పిల్లలు ఏ నేరమూ చేయలేదని చట్టానికీ తెలుసు. అమ్మానాన్నల చేతుల్లో పెరిగితే రేపు చేస్తారని దాని అనుమానం.

ఈ అనుమానం ఎరుకలవాళ్ళ మీద ఎందుకు పడింది? కోస్తా ఉప్పుటేళ్ళ వైపు చూస్తే కొంత తెలుస్తుంది. రైలు రాకముందు సముద్రతీరపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద కొండల అవతలికి చేరవేసింది వీళ్ళే. తిరుగు దారిలో ధాన్యం, చింతపండు, అడవి సరుకు తెచ్చేవాళ్ళు. ఉప్పు అమ్ముకునే శాఖకు ఉప్పు ఎరుకలని పేరు కూడా ఉంది. మగవాళ్ళు ఈతబద్దలతో బుట్టలు, గంపలు అల్లితే ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. ఊరివాళ్ళకు వాళ్ళు కావలసినవాళ్ళు. ఆ తర్వాత ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, 1876-78 ధాతుకరువు వచ్చింది, 1899 నాటికి నెల్లూరు మీదుగా బెజవాడకు రైలు నడిచింది. వ్యాగన్లో ఉప్పు పోతుంటే గాడిదతో పనేమిటి? తిరగడం వాళ్ళకు బతుకుతెరువు. ఆ తెరువు పోయాక మిగిలిన తిరుగుడు సర్కారు కంటికి అనుమానంగా కనబడింది. వీళ్ళ చరిత్ర మీద పనిచేసిన మీనా రాధాకృష్ణ ఈ గొలుసును ఒక్కొక్క లంకె చొప్పున విప్పి చూపారు. స్టువర్టుపురం మనుషులను చీరాల పొగాకు కంపెనీ పనికి ఎలా మళ్ళించారో కూడా ఆమె రాశారు. దిద్దుబాటు పేరుతో కంపెనీకి కదలని కూలీలు దొరికారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కావలిలో సెటిల్మెంటు నడిపినవాళ్ళు రాక్షసులు కారు. బడి పెట్టారు, మందులిచ్చారు, పని నేర్పారు. బాడెన్ లాంటివాళ్ళు తాము నమ్మిన దేవుడి పనే చేస్తున్నామనుకున్నారు, ఆ నమ్మకంలో నటన లేదు. ఈ కథలో కలవరపెట్టేది అదే. ఒక్క ద్వేషి లేకుండానే ఒక జాతి మొత్తాన్ని తీగ వెనక ఉంచవచ్చు. హాజరు పట్టీ పట్టుకున్న గుమాస్తాకు ఎరుకలవాడి మీద కోపం ఉండనక్కరలేదు, పట్టీలో పేరుంటే చాలు.

దీన్ని మరో నవల పక్కన పెట్టి చూద్దాం. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ ప్రపంచమంతా బళ్ళలో చదివించే నవల. చేయని నేరానికి టామ్ రాబిన్సన్ అనే నల్లవాడు బోనెక్కుతాడు. అతని ఎడమచేయి పనికిరానిదని, బాధితురాలి ముఖం మీది దెబ్బలు ఎడమచేతివాటం మనిషి కొట్టినవని లాయరు ఆటికస్ ఫించ్ నిలువునా రుజువు చేస్తాడు. అయినా తెల్ల జ్యూరీ దోషి అంటుంది. చదివినవాడికి కడుపు రగులుతుంది. కానీ కావలి నుంచి చూస్తే టామ్‌కు ఒక కోర్టు ఉంది, లాయరున్నాడు, నిందించిన మనిషి పేరుంది. రామదాసుకు అవేవీ లేవు. టామ్‌ది ఒక నేరం మీద వచ్చిన అబద్ధపు నింద, అబద్ధమని చూపించడానికి వీలుంది. నేరమే లేని నిందను ఏ సాక్ష్యంతో తిప్పికొట్టాలి? తాను రేపు దొంగతనం చేయనని ఎవరు రుజువు చేయగలరు? దాదాపు నలభై ఏళ్ళు ముందే ఈ రెండో రకం అన్యాయాన్ని పట్టుకున్న ఉన్నవకు మన బళ్ళలో దక్కిన చోటు చిన్నది.

ఇప్పుడు యానాదుల దగ్గరికి. నెల్లూరు తీరానికి వాళ్ళు ఎంత పాతవాళ్ళో చెప్పలేం. శ్రీహరికోట అడవుల్లో, పులికాటు ఒడ్డున, బకింగ్‌హాం కాలవ వెంట వాళ్ళ గుడిసెలున్నాయి. కోత అయ్యాక రైతు తనే యానాదిని పిలుస్తాడు. యానాది చిల్లి ఉన్న కుండలో గడ్డి కుక్కి నిప్పంటిస్తాడు. కుండ మూతిని ఎలుక బొరియకు ఆనించి చిల్లిలోంచి నోటితో ఊదుతాడు. పొగకు ఎలుకలు ఉక్కిరిబిక్కిరవుతాయి. పెళ్ళాం పక్క బొరియలు మట్టితో మూస్తుంది. తవ్వితే ఎలుకలు దొరుకుతాయి, వాటితోపాటు అవి దాచుకున్న వరికంకులూ దొరుకుతాయి. ఆ కంకులే యానాదికి కూలి. ఎలుక దొంగిలించిన వడ్లను తిరిగి బయటికి తీసిన మనిషినే, నెల తిరక్కుండా వామిలో నాలుగు పనలు తగ్గాయంటే, మొదట పిలిపించి అడుగుతారు.

ఇంకో వింత ఉంది. పాత రోజుల్లో ఊళ్ళు యానాదులను కాపలాకు పెట్టుకునేవి. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ కులాలు, తెగల గ్రంథంలోనూ ఈ సంగతి కనిపిస్తుంది. చేను కాయడానికి నమ్మకస్తుడు, ఠాణా రికార్డులో అనుమానితుడు, ఇద్దరూ ఒకడే. వాళ్ళలో కొందరిని చట్టం కిందికి తెచ్చినప్పుడు ఆ అన్యాయం మీద పట్టు విడవకుండా పోరాడింది రాఘవయ్య. ఆయన వకీలు, కాంగ్రెసువాది. కోర్టులో గెలవడానికి దారి లేని చట్టమని వకీలుకు వేరే చెప్పాలా? అందుకే సంఘం పెట్టి గుడిసె గుడిసెకూ తిరిగారు, పైవాళ్ళకు అర్జీలు రాశారు. ‘ది యానాదీస్’, ‘నోమాడ్స్’ అని పుస్తకాలు రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. బిరుదుల కన్నా ఆయన పుస్తకాలు ఎక్కువ కాలం నిలిచేవి. వాటిలో యానాది ఒక కేసు నంబరుగా కాక, పాటలూ తగవులూ వైద్యమూ తెలిసిన మనిషిగా కనిపిస్తాడు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి ఏం చేయాలో చెప్పమని వేసిన కమిటీకి అధ్యక్షుడు తిరుపతి ప్రాంతపు నాయకుడు, తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న చట్టం పూర్తిగా పోయింది. అలా బయటపడిన విముక్త జాతులు ఆ రోజును ఇప్పటికీ పండుగలా చేసుకుంటాయి. అయితే తలుపు మూసి కిటికీ తెరిచినట్టు, ఒక్కొక్క రాష్ట్రమూ అలవాటు నేరస్థుల చట్టం తెచ్చుకుంది. మద్రాసు 1948లోనే తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1962లో. కాగితం మీద ఇవి మనిషిని బట్టి నడవాలి, జాతిని బట్టి కాదు. ఠాణాలో మాత్రం పాత రిజిస్టరు పక్కనే కొత్త రిజిస్టరు పెట్టారు. 1998లో పశ్చిమ బెంగాల్ పురూలియాలో ఖేడియా శబర తెగకు చెందిన బుధన్ శబర్ పోలీసు చెరలో చనిపోతే రచయిత్రి మహాశ్వేతాదేవి ఆ కేసు వెంట కలకత్తా హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే రాతలూ చెల్లవని చెప్పింది. రద్దయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మాటలు ఇంకా పుస్తకాల్లో బతికే ఉన్నాయన్నమాట.

ఇంతకీ ఆ సెటిల్మెంటు ఊళ్ళలో దొంగలే లేరా అని అడిగేవాళ్ళుంటారు. ఉన్నారు. దాచడం వాళ్ళకు మేలు చేయదు. మూడు తరాలు పొలం లేక, పాసు లేక పొలిమేర దాటలేక, ఏ చోరీ జరిగినా మొదట తన్నులు తినే ఊళ్ళో కొందరు ఆ పనిలోకే దిగారు. కవి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి 1970ల నుంచి స్టువర్టుపురంలో పనిచేసి ఎందరినో ఆ దారి మాన్పించారు. ఆమె వాళ్ళను దొంగల జాతిగా కాక ఫలానా ఇంటి ఫలానా మనిషిగా కలిసింది. సినిమావాళ్ళకు ఆ ఓపిక లేదు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ రెండూ ఒకే ఏడు వచ్చాయి. 2023లో అదే ఊరి దొంగ మీద ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చినప్పుడు తమ జాతిని కించపరుస్తోందని ఎరుకలవాళ్ళ తరఫున హైకోర్టులో పిటిషను పడింది.

పత్రికలదీ అదే దారి. మరో ఊరివాడు పట్టుబడితే వాడి పేరు రాస్తారు. కప్పరాళ్ళతిప్పవాడు పట్టుబడితే ఊరి పేరే శీర్షిక అవుతుంది. డిగ్రీ చదివి ఇంటర్వ్యూకు వెళ్ళిన పిల్లలు సొంతూరు అడిగితే దగ్గర్లోని టౌను పేరు చెప్పడం ఇలాంటి ఊళ్ళలో మామూలు. రొయ్యల గుంటల దగ్గర ఇవాళ యానాది కుటుంబాలు గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రంతా కాపలా కాస్తున్నాయి. చాలాచోట్ల ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా వేరే గుంటకు పోయే వీలుండదు. ఆ గుంటల్లో ఏరేటరు మోటారు పోతే, ఎస్సై మొదట పిలిపించేది ఆ కాపలా గుడిసెలో వాడినే.