రాక్షసుల భాష
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను ఈ సభలో మాటాడుమని కోరినపుడు నేను సంకోచించితిని. నేను గ్రామపు లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను; కళాశాల గుమ్మము త్రొక్కినవాడను గాను. నాకు వచ్చిన నాలుగు శ్లోకములును, నాలుగు పద్యములును ఈ బీరువాలలోని పుస్తకములు పెట్టిన భిక్ష. ఆ ఋణము కొంత తీర్చుకొనుటకై మీ ముందు నిలిచితిని. నేనెంచుకొన్న విషయము రాక్షసుల భాష. నవ్వకుడు. రాక్షసులు లేకపోవచ్చును గాని వారి భాష యున్నది. దానిని కల్పించినవారు మనుష్యులే.

మీకందఱకు తెలిసిన చోటనుండియే బయలుదేరుదము. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమును చూడనివారు ఈ సభలో అరుదు. దానికి మాటలు కూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. అందు ఘటోత్కచుని పరివారము ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అని పలుకును. ‘అస్మదీయ’ అనునది శుద్ధ సంస్కృతము. ‘మావారు’ అని యర్థము. అందలి జంటయక్షరమును విడదీసినచో ‘అసమదీయ’ అయినది. మనము రత్నమును రతనమనుట వంటిదే యిది. కాని ‘తస్మదీయ’ అను మాట సంస్కృతమున లేదు. ‘మీవారు’ అనుటకు ‘యుష్మదీయ’, ‘వారివారు’ అనుటకు ‘తదీయ’ ఉన్నవి. రాక్షసునకు ఆ వ్యాకరణముతో పనిలేదు. తనవారికొక మాట యున్నది, ఎదుటివారికొక మాట కావలెను. ముందొక తకారము తగిలించినాడు, మాట పుట్టినది. విన్న పసిపిల్లలకును అర్థమైనది. ‘తల్పము’నకు ‘గిల్పము’, ‘కంబళి’కి ‘గింబళి’ అనునవియు మనము నిత్యమాడు ‘పులి గిలి’, ‘పని గిని’ అను జంటమాటల పద్ధతియే. రాక్షసభాషకు పునాది మన తెలుగే యని తేలినది.

ఇది నేటి యూహ కాదు. పూర్వము శాతవాహనరాజు రాణులతో జలక్రీడలాడుచుండగా ఒక రాణి అలసి, ‘మోదకైః’ కొట్టుమన్నదట. ‘మా ఉదకైః’ అని విడదీయవలెను. నీళ్లతో వలదని భావము. రాజు సంధి నెఱుగక మోదకములు, అనగా లడ్డూలు, తెప్పించినాడు. రాణి నవ్వినది. సిగ్గుపడిన రాజు వ్యాకరణము నేర్వబూనెను. ఆఱేండ్లు పట్టునని గుణాఢ్యుడనగా, ఆఱు మాసములలో నేర్పెదనని శర్వవర్మ అన్నాడు. అట్లయినచో సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెదనని గుణాఢ్యుడు పందెము వేసి ఓడినాడు. వింధ్యాటవికి పోయి, పిశాచముల భాష నేర్చి, ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను తన రక్తముతో వ్రాసినాడు. రాజు దానిని పిశాచభాష యని త్రోసివేసినాడు. గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రమును పశుపక్షులకు చదివి వినిపించుచు అగ్నిలో వేసినాడు. మృగములు మేత మాని కన్నీరు విడిచినవట. రాజు తెలిసికొని వచ్చునప్పటికి మిగిలినది ఒక లక్ష. 11వ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు ‘కథాసరిత్సాగరము’న చెప్పిన కథ యిది. ఆ పైశాచీమూలము నేడు లభింపదు. ఒక్క మాట తెలియక నవ్వులపాలైన రాజే తనకు తెలియని భాషను ఏవగించుకొన్నాడు, చూడుడు.

ఆ పైశాచి ఎట్లుండును? ప్రాకృత వ్యాకర్తలు సూత్రములు చెప్పినారు. మేఘము ‘మేఖ’ మగును. గగనము ‘గకన’ మగును. దామోదరుడు ‘తామోతరు’ డగును. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి తెలియును: క చ ట త ప లు పరుషములు, గ జ డ ద బ లు సరళములు. పైశాచిలో సరళములు పరుషములగుచున్నవి. అనగా మెత్తన మనకు, కఱకు పిశాచములకు.

ఆ పిశాచము లెవరు? షడ్భాషాచంద్రికను రచించిన లక్ష్మీధరుడు పైశాచిని రాక్షస పిశాచములకు విధించి, పిశాచదేశముల పట్టికయు నిచ్చినాడు. అందు పాండ్యము, కేకయము, గాంధారము, నేపాళము, కుంతలము ఉన్నవి. పాండ్యమనగా మధుర మండలము, కుంతలమనగా కన్నడసీమ. పిశాచములని వెదకబోయినచో ఇరుగుపొరుగువారు కనబడిరి!

విదేశములందును ఇదే తీరు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన టోల్కీను 1954, 1955 సంవత్సరములలో వెలువరించిన మహాకథలో ఎల్ఫులను దివ్యజాతికి ఫిన్నిషు, వేల్షు భాషల సొంపుతో రెండు భాషలు కల్పించినాడు. దుష్టులకు కఱకు మాటలిచ్చినాడు. మన ‘బాహుబలి’లో 2015లో కాలకేయులకై తమిళకవి మదన్ కార్కీ ‘కిలికి’ యను భాషను సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణసూత్రములతో నిర్మించినాడు. అందు ‘మిన్’ అనగా నేను. దానిని తిరుగవేసినచో ‘నిమ్’, నీవు. అసమదీయ, తసమదీయ! భాష కల్పింపబూనిన ప్రతివాడును ఈ గీతయే ముందుగా గీయుచున్నాడు.

ఇక మన ఊరికి వత్తము. మిరపకోతలకు తండాలనుండి సుగాలీలు వత్తురు. వారి మాట విని మన పిల్లలు నవ్వుదురు. చిన్ననాడు నేనును నవ్వినవాడనే. ఆ భాషకు ‘గోర్ బోలీ’ యని పేరు. వారు తమను ‘గోర్’ అనుకొందురు. తమవారు కానివారిని ‘కోర్’ అందురు. అనగా మనలను! సరళము తమకుంచుకొని పరుషము మనకిచ్చినారు. వారి పొయ్యి దగ్గఱ మనమే తసమదీయులము. ఈ సంగతి తెలిసిననాటినుండి నాకు నవ్వు రాలేదు.

ఇంకొకటి చెప్పి ముగించెదను. ఇది నా తప్పు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక వృద్ధరైతునకు నోటీసు చదివి వినిపించితిని. ఫసలీ, జమాబందీ, ఆసామీ, దఖలు, తఫావతు అని గడగడ చదివితిని. ఆయన తలయూపి వ్రేలిముద్ర వేసి వెళ్లినాడు. అభ్యంతరము తెలుపుటకు ముప్పది దినములు గడువు. ఆయన రెండవ మాసమున వచ్చినాడు. “సామీ, ఆ రోజు నువ్వు సదివింది తెలుగేనా? నా సేను నాకుందా లేదా, అదొక్కటి సెప్పు” అన్నాడు. అప్పటికే గడువు దాటినది. ఆ ఎకరము చెక్క తిరిగి ఆయన పేరికి వచ్చుటకు నాలుగేండ్లు పట్టినది. ఆ నాలుగేండ్లును ఆయన తన చేను గట్టుమీద పరాయివానివలె నిలుచుండుట నేను కన్నులార చూచితిని. ఆనాడు నేనాడినది ఏ భాష? పింగళివారి రాక్షసుని మాట పసివానికి తెలిసినది. నా మాట ముసలివానికి తెలియలేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున రెండు విన్నపములు. ఒకటి: గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకము పెట్టుదము. తండా పిల్లలు తమ అవ్వల మాటలను, కథలను అందు వ్రాయవలెను. ఒక బృహత్కథ కాలిపోయినది చాలును. రెండు: వచ్చు ఆదివారమునుండి ప్రతి ఆదివారము ఉదయము నేనిచ్చట కూర్చుందును. ఎవరికి ఏ కాగితము వచ్చినను తెండు. తెలిసిన తెలుగులో చదివి చెప్పెదను. ఇంతసేపు గ్రాంథికమున మాటాడినవాడు అట్లు చెప్పగలడా యని మీకు సందేహము కలుగవచ్చును. ఆదివారమునాడు ఈ భాషను ఇంటి చిలుకకొయ్యకు తగిలించి వచ్చెదను.