స్టేషనులో మన మాట మన మాటగానే రాయాలి
(ఒక మండల మహిళా కూలీల సభలో చేసిన ప్రసంగం)



స్టేషన్లలో మహిళా డెస్కులు పెట్టామంటున్నారు. హైదరాబాదులో 2014 నుంచి షీ టీములు తిరుగుతున్నాయి. మంచిదే, వద్దనం. కానీ షీ టీము బస్టాపు దగ్గరుంటది. మన ఆడకూతురి చెయ్యి పట్టుకునేవాడు వరిచేలో ఉంటాడు. ఆమె కూలిడబ్బులు వాడి జేబులోనే ఉంటాయి.

పోయినేడాది ఒక చెల్లిని వెంటబెట్టుకుని స్టేషనుకి పోయాను. డెస్కుంది, బోర్డుంది, కుర్చీలో మనిషి లేదు. కానిస్టేబులమ్మని బందోబస్తుకి పంపారట. రైటరు కాగితం తీసి, "ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర మాట్లాడుకోలేకపోయారా?" అన్నాడు. ఆ పెద్దమనిషి కొడుకు మీదే కదయ్యా మా ఫిర్యాదు! చివరికి రాశాడు. చదివి వినిపించమంటే విసుక్కున్నాడు. విన్నాం. "ఇరువురి మధ్య మాటామాటా పెరిగి" అని ఉంది. కులం పేరుతో తిట్టిన తిట్టు లేదు, చీర పట్టి లాగిన మాట లేదు. అప్పుడా చెల్లి అంది: "నేను చెప్పింది రాయి సారూ, నువ్వనుకున్నది కాదు."

ఆమె ఏ చట్టమూ చదవలేదు. కానీ చట్టంలో ఉన్నదీ అదే. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకానికి ముందు చదివి వినిపించాలి, నకలు వెంటనే ఇవ్వాలి అని నాలుగో సెక్షన్లో ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని ఎగ్గొడితే ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు. ఈ చట్టం కింద కేసు కట్టడానికి "ముందు విచారించి చూస్తాం" అనే పని లేదని 2018 సవరణ తేల్చింది. మానభంగం, చెయ్యి పట్టడం వంటి ఫిర్యాదులు ఆడ ఆఫీసరే రాసుకోవాలి. మా పరిధి కాదు పొమ్మనడానికీ వీల్లేదు. 2024 జూలై నుంచి అది కొత్త నేర శిక్షాస్మృతిలోనే రాసి ఉంది. అయినా తీసుకోకపోతే ఎస్.పి.కి రిజిస్టర్డ్ పోస్టు చెయ్యండి, రశీదు దాచండి.

డెస్కు వట్టిదని నేననను. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లు తీసుకుని, కొన్నింట్లో డెస్కు పెట్టి, కొన్నింట్లో పెట్టకుండా చూశారు. 2022లో ఫలితం అచ్చయింది. డెస్కున్న చోట ఆడవాళ్ళ కేసులు ఎక్కువగా రాశారు, ముఖ్యంగా ఆడ ఆఫీసరు కూర్చున్న చోట. అంటే ఆ కుర్చీలో మనిషి ఉండాలి. ఆమెని బందోబస్తుకి తోలొద్దని మనం అడగాలి.

ఆ చెల్లి కేసు కోర్టులో ఉంది. సాక్షులకి దారిఖర్చు ఇవ్వాలని 15ఎ సెక్షన్లో ఉంది, అడిగి తీసుకుందాం. వాయిదా వచ్చే సోమవారం. పొద్దున ఏడింటి బస్సుకి ఎవరెవరొస్తారో ఇప్పుడే చెప్పండి.