అక్షరానికి తాళం, తాళంచెవి
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట కంప్యూటరు గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చును. మన ఇండ్లలో చాలామంది బిడ్డలు బాగలూరు నుండి బెంగళూరు సాఫ్టువేరు కంపెనీలకు పోయి వస్తున్నారు. వారి యెదుట రైల్వే గుమాస్తాలమైన మేము యీ సంగతి యెత్తుట సాహసమే. కాని సాఫ్టువేరు తయారుచేసే విద్య వేరు. దానిని వాడుకొనేవానికి ఎంత స్వాతంత్ర్యం మిగిలినదో చూచుకొనుట వేరు. ఈ రెండవది అందరి పని.

మాకు తెలిసిన రైలుతోనే మొదలుపెడతాము. ఇంగ్లండులో తొలిరోజులలో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ తన పట్టాల మధ్య ఏడడుగుల వెడల్పు వుంచింది. తక్కిన కంపెనీలలో ఎక్కువభాగం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు వుంచాయి. రెండూ కలిసే గ్లాస్టరు స్టేషనులో సరుకంతా ఒక బండిలోనుండి దించి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. వెడల్పు పట్టాలమీది బండ్లు వేగంలో తీసిపోయినవేమీ కావు. అయినా 1846లో పార్లమెంటు చట్టం చేసి, కొత్త మార్గాలకు చిన్న కొలతనే సాధారణ నియమం చేసింది. ఆ కంపెనీ చివరి వెడల్పు పట్టాలు 1892లో పోయాయి. మన దేశంలోనూ బ్రాడ్‌గేజి, మీటరుగేజి కలిసేచోట యిదే అవస్థ. 1992లో ఏకగేజి పథకం మొదలైనది. మన హోసూరు మీదుగా సేలం పోయే మార్గం కూడా ఆ దశాబ్దంలోనే మీటరుగేజి నుండి బ్రాడ్‌గేజికి మారినది.

దీనివల్ల తెలిసేది ఒక్కటే. బండి ఎవరిదైనా కావచ్చును. పట్టాల కొలత మాత్రం అందరిదీ కావలెను. దీనినే సాఫ్టువేరువారు ఓపెన్ స్టాండర్డు, అనగా బహిరంగ ప్రమాణము అంటారు.

ఇక మన అక్షరాల సంగతి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసును. యూనికోడు అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు వున్నవి. అందులో ‘అ’ అనగా 3077, ‘క’ అనగా 3093. బాగలూరులో కొట్టిన ‘క’ అమెరికాలో మన తమ్ముని ఫోనులో ‘క’గానే కనబడుటకు కారణం యిదే. ఈ పట్టిక 1991లోనే వచ్చినది.

అయితే అచ్చుపని చాలాకాలం వేరే దారిని నడిచినది. ఒక్కొక్క ఫాంటు కంపెనీ తన సొంత లెక్క పెట్టుకొన్నది. లోపల వుండేవి ఇంగ్లీషు అక్షరాల అంకెలు. పైన తొడిగినది తెలుగు రూపము. ఆ ఫాంటు వున్నంతవరకు తెలుగు. అది లేని కంప్యూటరులో తెరిస్తే తలా తోకా లేని ఇంగ్లీషు గీతలు.

మన సంఘం పాత సంచికల ఫైళ్లు నేడు అట్లే పడివున్నవి. ఏ కంపెనీ ఫాంటో, ఏ ప్రెస్సులో కూర్చినారో చెప్పుట అనవసరం. వాటిలో యీ చుట్టుపట్ల ముసలమ్మలు చెప్పిన సంక్రాంతి పాటలు, పొడుపుకథలు వున్నవి. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. మార్చే సాధనాలు దొరుకుతాయి గాని, మారిన తరువాత వత్తులు, గుణింతాలు ఒక్కొక్కటీ సరిచూడవలసినదే. మన పాటను మనమే చదువుకొనుటకు ఇంత పాటు పడవలసి వచ్చినది.

ఫాంటు కంపెనీలను తిట్టుట ధర్మం కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే ఫాంటు వచ్చేదాకా విండోసులో తెలుగుకు సొంత చోటు లేదు. అప్పటికే పెండ్లిపత్రికల నుండి పుస్తకాల దాకా తెలుగు అచ్చును నడిపినది ఆ కంపెనీలే. పనికి కూలి తీసుకొనుట తప్పు కాదు. ‘ఉచితంగా వచ్చినదానికి పూచీ ఎవరు? పెద్ద కంపెనీ అయితే అడగడానికి ఒకడు వుంటాడు గదా’ అని కొందరు మిత్రులు అంటారు. ఆ మాటలోనూ న్యాయం వున్నది. కాని తగవు ధర గురించి కాదు, తాళంచెవి గురించి.

2025 జులైలో ఏమి జరిగినదో చూడండి. గుజరాతులో పెద్ద చమురుశుద్ధి కర్మాగారం గల నయారా కంపెనీపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టగా, మైక్రోసాఫ్టు తన సేవలను ఆ కంపెనీకి ఆపివేసినది. చందా పూర్తిగా చెల్లించియున్నామని నయారా ఢిల్లీ హైకోర్టుకు పోయినది. కొద్ది రోజులలో సేవలు తిరిగి వచ్చినవి. అంత పెద్ద సంస్థకు హైకోర్టు వున్నది. మనబోటి సంఘానికి ఎవరున్నారు? మైక్రోసాఫ్టుకు 2014 నుండి అధిపతి మన హైదరాబాదు సత్య నాదెళ్లగారు. అందుకు మేమూ గర్విస్తాము. కాని తాళంచెవి మనవాని చేతిలో వున్నంతమాత్రాన మన చేతిలో వున్నట్లు కాదు.

ప్రభుత్వాలు కూడా యీ సంగతి గ్రహించినవి. ఓడీఎఫ్ అనే బహిరంగ దస్తావేజు పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మైక్రోసాఫ్టువారి పద్ధతి 2008లో అట్టి హోదా పొందినప్పుడు మన దేశం వ్యతిరేకంగా వోటు వేసినది. పరిపాలనలో బహిరంగ ప్రమాణాలు వాడవలెనని కేంద్రప్రభుత్వం 2010లో విధానం ప్రకటించినది.

తెలుగువారూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టినది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు అనే పేర్లతో యూనికోడు ఫాంట్లు నేడు ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని వాడవచ్చును, ఇతరులకు పంచవచ్చును. అచ్చుకు అందమైన ఫాంట్లు లేవనే మాట వెనుకటి బలంతో నిలువదు.

మనకు యిది మరీ ముఖ్యం. 2006 చట్టం తరువాత తమిళనాట బడులలో ఒకటవ తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి అయినది. తమిళం మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగు అక్షరాన్ని నిలుపుకొనే భారం చాలావరకు ఇంటిమీద పడినది. పొట్టకూటికై వచ్చిన మనకూ, తరతరాలుగా యిక్కడే వున్న తెలుగువారికీ యీ భారం ఒక్కటే. బిడ్డ ఫోనులో తెలుగు అక్షరం పలకకపోతే ‘అమ్మా’ అనే మాటను కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తాడు.

కనుక మూడు మనవులు. ఒకటి, ఇకపై మన సంచికను, సభ్యుల జాబితాను, పిల్లల పాఠాలను యూనికోడులోనే కూర్చి, లిబ్రెఆఫీసు వంటి సాఫ్టువేరుతో బహిరంగ పద్ధతిలో దాచి, ఒక్కొక్క ప్రతి రెండు ఇండ్లలో వుంచవలెను. రెండు, ఏ కొత్త సాఫ్టువేరు కొన్నా ముందు ఒక్క ప్రశ్న అడగవలెను: ‘రేపు మిమ్మల్ని వదిలిపోతే మా సరుకు మేము తీసుకొనిపోవచ్చునా?’ మూడు, సాఫ్టువేరు పనిలో వున్న మన బిడ్డలు నెలకొక ఆదివారం కూర్చుండి పాత సంచికల పాటలను యూనికోడులోకి మార్చవలెను. పెద్దలు పక్కన కూర్చుండి వత్తులు సరిచూడవలెను. ఆ పాటల రాగం తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య వున్నారు గనుక ఆలస్యం తగదు.