డిగ్రీ మన చేతికొచ్చింది, కంపెనీ ఎందుకు రాలేదు?

(పెదకాకాని దళితవాడ యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

మిరపకోతల నుంచి వచ్చి, చేతులు మండుతున్నా ఇక్కడ కూచున్న అమ్మలకు ముందుగా నా దండాలు. మా అమ్మ చేతులూ ఇట్లాగే మండేవి. ఆ కూలి డబ్బులతోనే నేను మా ఇంట్లో మొదటి డిగ్రీ చదివి పంతులునయ్యాను. ఇప్పుడు మన పిల్లలు ఇంజనీర్లవుతున్నారు. నాగార్జున యూనివర్సిటీ మనకు పక్కనే ఉంది. "చదివాం గదా మాస్టారూ, మనోళ్ళు కంపెనీలు ఎందుకు పెట్టలేకపోతున్నారు?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికే ఈ రాత్రి జవాబు వెతుకుదాం.

బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి గారని ఒక ఇంజనీరు ఉన్నారు. కాకినాడ సర్కారు ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. తర్వాత కాన్పూరు ఐఐటీ, ఆపైన అమెరికాలో మిచిగాన్ యూనివర్సిటీ. చదువు కాగానే కంపెనీ పెట్టలేదు. ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేశారు. 1991లో హైదరాబాదులో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలుపెట్టారు. కాగితాల మీది ఇంజనీరింగ్ డ్రాయింగులను కంప్యూటర్లోకి ఎక్కించడం తొలినాళ్ళ పని. 2014లో ఆ కంపెనీ పేరు సైయెంట్ అయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. దాంట్లోని మెట్లు లెక్కపెట్టమంటున్నాను. సర్కారు కాలేజీ ఒక మెట్టు. పై చదువు ఒకటి. ఉద్యోగంలో అనుభవం ఒకటి. నమ్మి పనిచ్చేవాడు దొరకడం ఆఖరి మెట్టు.

అదే 1991, ఆగస్టు 6. అప్పటి మన గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది మనవాళ్ళను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది. హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలు లేస్తున్నప్పుడు మనం పీనుగులు మోస్తున్నాం, కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం. పరుగు పందెంలో ఎందుకు వెనకబడ్డారని అడిగేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలి.

చదువుంటే చాలదా? బాబాసాహెబ్‌ని చూడండి. కొలంబియాలో చదివి, లండన్‌లో చదివి వచ్చారు. 1917లో బరోడా కొలువుకు పోతే ఉండటానికి ఇల్లు దొరకలేదు. బొంబాయిలో వాటాల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టారు. ఆయన కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. అంత చదువుకూ కులం అడ్డు పడింది!

సాఫ్ట్‌వేర్‌కి పొలం అక్కర్లేదు గదా అంటారు. నిజమే. కానీ అదీ కౌలు మిరపతోట లాంటిదే. కౌలు, నారు, ఎరువు, కూలి ముందు పెట్టాలి. యార్డుకు టిక్కీలు పోయాకే డబ్బు. అట్లాగే పని చేసిచ్చాక బిల్లు నెలల తర్వాత వస్తుంది. ఈలోగా జీతాలు ఆగవు. నా దగ్గర చదువుకున్న పిల్లోడు అప్పుకోసం ఒక బ్యాంకుకు పోతే, "మీ నాయన పేరున భూమెంత?" అన్నారు. వాళ్ళ నాయన కౌలుదారు. పిల్లోడు తిరిగొచ్చాడు. నేను వెంట పోలేదు. అది నా తప్పు. ఎందుకంటే చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ ముక్క మా ఇద్దరికీ తెలియదు.

ఇంకోటి వినండి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏటా కొనే సరుకుల్లో, సేవల్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలని 2012 నుంచి ఉత్తర్వు ఉంది. ఆఖరి మెట్టు అన్నానే, పనిచ్చేవాడు, అది ఇదే. అయినా అడిగేవాడు లేకపోతే ఉత్తర్వు కాగితంగానే ఉంటుంది.

అందుకని మూడు పనులు. స్కాలర్‌షిప్పు ఆగితే పల్లె పల్లె కదలాలి. ఉద్యోగం వచ్చిన పిల్లలు అక్కడ పని నేర్చుకుని, వెనకొచ్చే వాళ్ళకు దారి చూపాలి. బ్యాంకుకు ఎవరూ ఒంటరిగా పోవద్దు, నలుగురం కలిసి ఉత్తర్వు చేతబట్టుకుని పోదాం. ఈసారి మొదట నేనొస్తా.

కూలి అడిగి పెంచుకున్నాం. బడి అడిగి తెచ్చుకున్నాం. ఇదీ అడిగే తెచ్చుకోవాలి. జై భీమ్!