పెరటి చెట్టునకు చోటెంత?



పెరటిలో చెట్టు నాటువారు చేతిలోని మొక్కను చూతురే గాని రాబోవు చెట్టు వెడల్పు నెంచరు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే యొసగెను. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలు ఉత్తమము, 16 మధ్యమము, 12 అధమము అని అందు కలదు. వేళ్లు పెనవైచుకొన్న చెట్లు చక్కగా ఫలింపవనుట ఆయన చూపిన కారణము. మూర అడుగున్నర గనుక 20 మూరలు 30 అడుగులు. మామిడి తోటలలో వాడుకగా వదలు ఎడమును ఇంచుమించు అదియే.

లెక్క చూడుడు. 30 అడుగుల చదరము 900 చదరపుటడుగులు. సెంటు సుమారు 436. అనగా ఒక్క మామిడికే రెండు సెంట్లకు పైగా వలయును! అయిదు సెంట్లలో ఇల్లు పోగా మిగులునదెంత? అందు రెండు మామిళ్లు, ఒక పనస, ఒక వేప నాటి, పదేండ్లు బిడ్డలవలె పెంచి, తీరా కాపు వేళకు కొమ్మ పొరుగింటి పెంకులపై బడెనని తగవు రాగా గొడ్డలి పట్టుట ఎంతటి దారుణము!

చిన్న పెరటికి కరివేప, నిమ్మ, జామ చాలును. మునగ యేడాదిలోనే కాయును గాని కొమ్మ పెళుసు, పిల్లల నెక్కనీయరాదు. గోడలో మొలచిన రావిని మొలకనాడే తీసి చెరువుగట్టున నాటినచో దోషము లేదు.

గోయి వేసవిలోనే మూడడుగుల లోతున త్రవ్వి ఎండనిచ్చి, చివికిన పెంటయెరువు కలిపి పూడ్చి, తొలకరికి నాటవలెను. అంటు అతుకు మన్నులో పూడరాదు. దాని క్రింది చిగుళ్లను గిల్లివేయవలెను. పెరిగిన చెట్టునకు నీరు మొదలంట గాక, మిట్టమధ్యాహ్నపు నీడ యంచున పాదు తీసి పోయవలెను. నీరు పీల్చు వేళ్లు మిక్కిలిగా అచ్చటనే యుండును.